లపూటా (1986): ఆకాశంలో కోట, నేల కింద గని. సమీక్ష, చర్చ

మేఘపల్లకి
హయావో మియజాకి రాసి, దర్శకత్వం వహించిన జపనీస్ యానిమేషన్ సినిమా లపూటా గురించి ఈ చర్చ. కథ చివరిదాకా మాట్లాడుకుంటాం కాబట్టి చూడనివాళ్లు ముందు సినిమా చూసి రండి.

జపాన్‌లో 1986 ఆగస్టు 2న విడుదలైంది. నిడివి 124 నిమిషాలు. నిర్మాత ఇసావో తకహాతా, సంగీతం జో హిసైషి. స్టూడియో జిబ్లీ పెట్టాక ఆ పేరుతో తీసిన మొదటి సినిమా ఇది. మియజాకి 1984లో తీసిన నౌసికా సినిమాను చాలామంది జిబ్లీ లెక్కలో వేస్తారు గానీ, అది వేరే స్టూడియోలో తయారైంది.

షీటా అనే అమ్మాయి మెడలో ఒక నీలిరాయి ఉంటుంది. దాని కోసం ఒకపక్క ఆకాశ దొంగలు, ఇంకోపక్క సైన్యం, సైన్యాన్ని వాడుకుంటూ ముస్కా అనే ప్రభుత్వ గూఢచారి. గాలిఓడ మీంచి జారిపడిన ఆ అమ్మాయిని గనిలో పనిచేసే పాజూ పట్టుకుంటాడు. అక్కడి నుంచి రైలు పట్టాల మీద తరుముడు, కోట ముట్టడి, తుఫాను, చివరికి ఆకాశంలో తేలే లపూటా.

అందరూ దీన్ని ఎగరడం గురించిన సినిమా అంటారు. నాకు మాత్రం బరువు గురించిన సినిమాలా కనిపిస్తుంది. షీటా పడే ఘట్టం మళ్లీ చూడండి. రాయి వెలుగుతున్నంతసేపూ ఆ పిల్ల దూదిపింజలా దిగుతుంది. పాజూ చేతులు చాస్తాడు. వెలుగు ఆరిపోతుంది. అంతే, ఒక్కసారిగా మనిషి బరువు చేతుల్లో పడుతుంది. మోకాళ్లు వంగుతాయి, నడుము ముందుకు లాగేస్తుంది, కింద గోతిలోకి జారబోయి తమాయించుకుంటాడు. ఒక్క మాట లేదు. ఆమెను పక్కన పడుకోబెట్టాడో లేదో, గనిలోంచి మనుషుల్ని పైకి లాగే ఆవిరి యంత్రం దగ్గరికి పరుగెత్తి బ్రేకు వెయ్యాలి. తేలే రాయి, దాని పక్కనే మనుషుల బరువు మోసే ఇనప తాడు. సినిమా మొత్తం ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

నా మార్కులు పదికి తొమ్మిది. ఒకటి ఎందుకు తగ్గించానో చర్చ నడిచాక చెప్తాను.

చిత్రలేఖిని
ఆ ఘట్టం మీద ఒక సాంకేతిక వివరం.

ఈ సినిమాకు వాడిన బొమ్మలు 69,262. 124 నిమిషాలంటే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 1,78,560 ఫ్రేములు. భాగిస్తే ఒక్కో బొమ్మ సగటున రెండున్నర ఫ్రేముల పాటు తెర మీద నిలిచినట్టు. ఇది మోటు లెక్కే. ఒకే ఫ్రేములో రెండు మూడు పొరల సెల్స్ (బొమ్మలు గీసిన పారదర్శక రేకులు) ఉండొచ్చు, నేపథ్యం మాత్రమే కనిపించే షాట్లూ ఉంటాయి. అయినా ఒక సంగతి తెలుస్తుంది: ఇది బొమ్మల్ని ఆచితూచి ఖర్చుపెట్టిన సినిమా.

బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు గియ్యాలి, మూడేసి నిలిపితే 8 చాలు. బరువు చూపించడానికి ఎక్కువ బొమ్మలు గీస్తే చాలనుకుంటారు కొత్తగా నేర్చుకునేవాళ్లు. అక్కడే పొరపాటు. బొమ్మలన్నీ సమాన దూరంలో గీస్తే సెకనుకు 24 గీసినా మనిషి నీళ్లలో కదిలినట్టే ఉంటాడు. బరువు పుట్టేది బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎడంలో. షీటా బరువు తిరిగివచ్చినప్పుడు మొదట పాజూ చేతులు దిగుతాయి, తర్వాత భుజాలు, తర్వాత నడుము, చివరికి కాళ్లు. అన్నీ ఒకేసారి వంగి ఉంటే అట్టబొమ్మ మడతపడినట్టుండేది. యానిమేషన్ నేర్చుకునేవాళ్లు ఈ షాట్‌ను ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ, ఏ కీలు ఎన్నో ఫ్రేములో కదలడం మొదలుపెట్టిందో కాగితం మీద రాసుకోండి.

యానిమేషన్ డైరెక్టర్ త్సుకాసా తన్నాయ్. ముఖ్య చిత్రాలు గీసేవాళ్లకు పెద్దగా యోషినోరి కనదా ఉన్నాడు. పేలుళ్లు, పొగ, వెలుగు చారలు గీయడంలో కనదాది ప్రత్యేకమైన చెయ్యి. నేల మీది సైన్యపు కోటలో రోబో మేల్కొని అగ్ని కురిపించే భాగాన్ని ఆ దృష్టితో చూడండి.

శబ్దగ్రాహి
చూసేముందు తేల్చుకోవాల్సింది ఏ ప్రతి చూస్తున్నాం అన్నది. ఒకే సినిమా చూసి ఇద్దరు వేర్వేరు అభిప్రాయాలతో లేచారంటే చాలాసార్లు కారణం ఇదే.

జపనీస్ మూలంలో సుమారు గంట సంగీతమే ఉంది. మిగతాదంతా గాలి, ఇంజన్లు, అడుగుల చప్పుడు, నిశ్శబ్దం. డిస్నీ 1998లో ఇంగ్లీష్ డబ్బింగ్ చేయించింది, 2003లో డీవీడీగా వచ్చింది. అమెరికా ప్రేక్షకులు అంత నిశ్శబ్దాన్ని భరించలేరని హిసైషి చేతనే సంగీతం పెంచి మళ్లీ రికార్డు చేయించారు, దాదాపు తొంభై నిమిషాలకు. వాద్యబృందం పెద్దది, వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ మొదటి ఘట్టం దెబ్బతింది. మూలంలో దొంగలు రాత్రిపూట గాలిఓడ మీదికి దూకినప్పుడు సంగీతం లేదు. రెక్కల రొద, అద్దాలు పగలడం, అరుపులు వినిపిస్తాయి. ఏం జరుగుతోందో తెలియని భయం అందులో ఉంది. కొత్తదాంట్లో వాద్యాలు ముందే వచ్చి ఇది సాహసకథ, హాయిగా చూడండి అని చెప్పేస్తాయి.

తర్వాతి డిస్కుల్లో కొన్నింటిలో ఇదే డబ్బింగ్‌కు పాత సంగీతం పెట్టారు. కాబట్టి పెట్టె మీద పేరు చూసి చెప్పలేం. పరీక్ష చాలా సులువు: టైటిల్స్ రాకముందు, దాడి జరుగుతుండగా సంగీతం వినిపిస్తే అది కొత్త ప్రతి.

గొంతుల విషయం. పాజూకు జపనీస్‌లో మయుమి తనకా, అంటే వన్ పీస్ యానిమేషన్ సీరీస్‌లో లూఫీకి గొంతు ఇచ్చినావిడే. పన్నెండు పదమూడేళ్ల పిల్లాడి గొంతు. ఇంగ్లీష్‌లో జేమ్స్ వాన్ డెర్ బీక్ గొంతు పదిహేడేళ్ల కుర్రాడిలా ఉంటుంది. దాంతో ఇద్దరు పిల్లల స్నేహం కాస్తా ప్రేమకథలా వినిపిస్తుంది. ముస్కాకు మార్క్ హామిల్, దొంగల నాయకురాలు డోలాకు క్లోరిస్ లీచ్‌మన్ మాత్రం చాలా బాగా కుదిరారు.

నాలుగో_వరుస
శబ్దగ్రాహి గారు సంగీతం తేడా చెప్పారు. మాటల తేడా అంతకన్నా పెద్దది.

చివర్లో సింహాసనాల గదిలో షీటా ముస్కాకు ఎదురునిలిచి, తన ఊరు గొండోవా లోయలో పాడుకునే పాట గుర్తుచేస్తుంది. మట్టిలో వేళ్లూని, గాలితో కలిసి బతకమని, విత్తనాలతో పాటు చలికాలం దాటమని ఆ పాట సారాంశం. లపూటా ఎందుకు అంతరించిందో అందులోనే ఉందంటుంది. ఎన్ని ఆయుధాలున్నా, ఎన్ని రోబోలున్నా, నేల నుంచి విడిపోయి మనిషి బతకలేడు. ఈ సినిమాకు ఆయువుపట్టు ఆ మాట.

డిస్నీ డబ్బింగ్‌లో ఆ చోట నేల పోయి ప్రేమ వచ్చింది. ప్రేమ లేకుండా లోకం బతకదు అంటుంది షీటా. వినడానికి మంచి మాటే, కానీ ఈ కథకు అతకదు. పాజూ రోజూ దిగే గని, రాళ్ల గొంతు వినే పోమ్ తాత, గూడు చెదరకుండా కాపలా కాసే రోబో, చివర్లో వేళ్లతో కోటను పట్టుకునే చెట్టు, ఇవన్నీ మట్టి అనే మాటకు సాక్ష్యాలు. ప్రేమ అనగానే సాక్ష్యాలన్నీ దిక్కులేనివైపోతాయి.

ఓటీటీలో చూసేవాళ్లకు: మన దేశంలో 2020 ఫిబ్రవరి నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. భాష జపనీస్ పెట్టుకోండి. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ రెండు రకాలు కనిపిస్తే సీసీ అని లేనిది ఎంచుకోండి. సీసీ అన్నది సాధారణంగా డబ్బింగ్ మాటల్ని రాసినది, వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం. అది జపనీస్ మాటలకు పెడితే పెదవి ఒకటి, రాత ఒకటి అవుతుంది. అనుమానమొస్తే సింహాసనాల గదికి జరిపి చూడండి. నేల అని వస్తే సరైనది, ప్రేమ అని వస్తే మార్చండి.

పురాణపఠనం
ముస్కా నోట రామాయణం వస్తుంది, ఆ మాట ఎవరూ ఎత్తలేదేం?

లపూటా అడుగు నుంచి సముద్రం మీదికి అగ్నిని వదిలి, సైన్యాధికారుల ముందు గొప్ప చెప్పుకుంటాడు: బైబిల్ పాత నిబంధనలో సొదొమ, గొమొర్రాలను కాల్చిన ఆకాశాగ్ని ఇదే, రామాయణంలో ఇంద్రుడి బాణమన్నదీ ఇదే అని. మూలంలోనూ ఉంది, డబ్బింగ్‌లోనూ ఉంది.

మన రామాయణంతో సరిచూస్తే అది పొసగదు. వాల్మీకి యుద్ధకాండలో ఐంద్రాస్త్రం అనగానే గుర్తొచ్చేది లక్ష్మణుడు ఇంద్రజిత్తు మీద వేసినది. రాముడు ధర్మాత్ముడూ సత్యసంధుడూ అయితే ఇది తగలాలి అని సంధించి వేస్తాడు, ఇంద్రజిత్తు తల తెగిపడుతుంది. ఊళ్లను బూడిద చేసిన నిప్పు కాదది. ముస్కా పురాణాల్ని తన ఆయుధానికి ప్రచారంగా వాడుకుంటున్నాడు. ఆ పాత్రకు అది సరిగ్గా సరిపోయింది కూడా.

ఎగిరే నగరాలు మనకూ ఉన్నాయి. సాళ్వుడి సౌభం భారతం అరణ్యపర్వంలో వస్తుంది, కృష్ణుడు సుదర్శనంతో దాన్ని రెండుగా చీలుస్తాడు. త్రిపురాలు బంగారం, వెండి, ఇనుముతో కట్టినవి, మూడూ ఒక్క వరుసలోకి వచ్చినప్పుడు శివుడు ఒక్క బాణంతో కూల్చాడు. అక్కడ దేవుడు బయటినుంచి కొడతాడు. ఇక్కడ కోట వారసురాలే తన నోటితో వినాశమంత్రం పలుకుతుంది, అదీ ప్రాణాలకు తెగించి. ఈ తేడా నన్ను చాలా ఆకట్టుకుంది.

ఇంకొకటి. షీటా పేరు సీత అనుకుంటారు మనవాళ్లు చాలామంది. కాదు. గ్రీకు అక్షరం థీటాను జపనీస్‌లో షీటా అంటారు. త్రికోణమితిలో కనిపించే ఆ థీటా నుంచే మియజాకి ఆ పేరు తీసుకున్నాడు.

మేఘపల్లకి
పురాణపఠనం గారూ, సౌభం పోలిక నాకు తట్టలేదు, చాలా బాగుంది. లపూటా అన్న పేరు మాత్రం 1726లో వచ్చిన జోనథన్ స్విఫ్ట్ గలివర్ యాత్రల్లోది. ఆ నవలలో ద్వీపం ఎగిరేది పెద్ద అయస్కాంతపు రాయి బలంతో. పై ద్వీపపు రాజుకు కింది ఊళ్లవాళ్లు ఎదురుతిరిగితే, ద్వీపాన్ని వాళ్ల నెత్తిన నిలిపి ఎండా వానా అందకుండా చేస్తాడు. పైనున్నవాడు కిందివాణ్ణి అణచడం అన్నది అక్కడే ఉంది. పాజూ కూడా స్విఫ్ట్ పేరు చెప్పి, అది ఊహే, మా నాన్న చూసింది నిజం అంటాడు. పేరు స్పానిష్‌లో బూతుమాటలా వినిపిస్తుందని అమెరికాలో లపూటా తీసేసి కాసిల్ ఇన్ ద స్కై అని మాత్రమే ఉంచారు.

కొండగని
పాజూ ఊరి గురించి నాలుగు ముక్కలు. బ్రిటన్‌లో 1984-85 బొగ్గు గని కార్మికుల సమ్మె ముగిసిన కొత్తలో మియజాకి వేల్స్ వెళ్లాడు. ఉద్యోగాల కోసం, ఊళ్ల కోసం చివరిదాకా పోరాడిన ఆ కార్మికుల మీద తనకున్న గౌరవాన్ని తర్వాత ఇంటర్వ్యూలో చెప్పాడు కూడా. లోయ గోడలకు అతుక్కున్న ఇళ్లు, ఊరంతా అల్లుకున్న పట్టాలు, సరుకు తగ్గిపోయిన గని, అన్నీ అక్కడి ఛాయలే.

ఆ ఊరు కష్టాల్లో ఉంది, కానీ ఎవరూ ఏడుస్తూ కనిపించరు. గనిలోంచి పైకి వచ్చినవాళ్లు వెండి దొరకలేదని మేస్త్రీకి చెప్తారు, అంతే. తర్వాతి రోజు దొంగలు వస్తే ఆ మేస్త్రీయే చొక్కా గుండీలు తెగేలా ఛాతీ విరుచుకుని వీధిలో నిలబడతాడు. పని చేసేవాళ్లను ఇంత గౌరవంగా చూపించిన పిల్లల సినిమాలు తక్కువ.

రీలుడబ్బా
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను లోపాలు చెప్తాను. సినిమా నాకూ ఇష్టమే, అయినా చెప్పాల్సినవి ఉన్నాయి.

మొదటిది ముస్కా. మొదటి నుంచి చివరిదాకా ఒకటే రంగు. తానూ లపూటా రాజవంశం వాడినే అని చెప్పుకునే క్షణం దాకా అతనికేం కావాలో మనకు తెలియదు, తెలిశాక కూడా అధికారం తప్ప ఇంకేం లేదు. పదకొండేళ్ల తర్వాత ప్రిన్సెస్ మోనొనోకేలో ఇదే దర్శకుడు ఎబోషీ పాత్రను ఎంత లోతుగా రాశాడో చూస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

రెండు, షీటాను పదేపదే ఎత్తుకుపోవడం. మూడు, సైన్యపు కోట తగలబడ్డాక దొంగల ఓడ మీద వంటగది ఘట్టం. డోలా కొడుకులు ఒకరి తర్వాత ఒకరు సాయం చేస్తామంటూ రావడం సరదాగానే ఉంది, కానీ కథ వేగం అక్కడ ఆగిపోతుంది.

నాలుగో_వరుస
వంటగది మీద ఒప్పుకోను. ఆ రాత్రి కాపలా గూట్లో షీటా, పాజూ మాట్లాడుకునేది, కింద గొట్టంలోంచి డోలా వినేది అక్కడి విశ్రాంతి వల్లే నిలబడింది. డోలా మనసు మారేది ఆ రాత్రే. వంటగది తీసేస్తే షీటా ఆ ఓడలో బందీగా ఉందో, మనిషిగా ఉందో మనకు తెలియదు.

ముస్కా విషయంలో మీరన్నది నిజం. అయితే ఒక చిన్న వివరం గమనించండి. పాజూకు మూడు నిమిషాలు గడువిస్తాడు కదా, అది జాలి కాదు. అప్పటికి తుపాకీలో గుళ్లు అయిపోయాయి. గడువు అనేసి వెంటనే రివాల్వర్ తెరిచి గుళ్లు నింపుకుంటాడు. తెర మీద నిమిషం కూడా గడవకముందే గడువు అయిపోయిందంటాడు. మాట ఒకటి, చేసేది ఒకటి. లోతు లేకపోవచ్చు, రాతలో మాత్రం అజాగ్రత్త లేదు.

చిత్రలేఖిని
రోబోల గురించి కూడా మాట్లాడాలి. బొమ్మ ఒకటే. కోటలో సైనికుల్ని కాల్చేదీ, లపూటా తోటలో పువ్వు తెచ్చిచ్చేదీ ఒకే రూపం. ముఖంలో కదిలే కనుబొమలు లేవు, నోరు లేదు. భావమంతా నడకలో, తల వంచే కోణంలో పెట్టారు. యుద్ధంలో చేతులు నేలకు ఆనించి దూసుకొస్తుంది. తోటలో ఒంటినిండా నాచు, భుజాల మీద చిన్న జంతువులు, అడుగు మెల్లగా. పిల్లలు దిగిన గాలిపటం పక్షి గూటి మీద పడిందని దాన్ని ఎత్తి పక్కన పెట్టడానికి వస్తుంది. పాజూ, మనం కూడా మొదట దాడి అనుకుంటాం. గుడ్లు కనిపించాక గానీ విషయం అర్థం కాదు.

టోక్యో దగ్గర మితకాలోని జిబ్లీ మ్యూజియం పైకప్పు తోటలో ఈ రోబో విగ్రహం సుమారు 5 మీటర్ల ఎత్తుది ఉంది.

పిల్లలగది
ఎన్నేళ్ల పిల్లలకు చూపించవచ్చు అని తరచూ అడుగుతారు కాబట్టి ఘట్టాలవారీగా రాస్తున్నాను. రక్తం దాదాపు లేదు. కానీ లపూటా అడుగు తెరుచుకుని సైనికులు గుంపుగా ఆకాశంలోంచి పడిపోతారు, ముస్కా దాన్ని చూసి నవ్వుతాడు. షీటా మీద తుపాకీ పేల్చి రెండు జడలూ తెంచేస్తాడు. కోటలో రోబో పాడైన ముఖంతో, తెగిన చేత్తో పాకుతూ రావడం చిన్నవాళ్లను భయపెడుతుంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు పెద్దలు పక్కన ఉంటే ఇబ్బంది లేదు. సబ్‌టైటిల్స్ చదవలేని వయసైతే పెద్దవాళ్లు తెలుగులో చెప్తూ చూపించడం మేలు. ఈ సినిమాలో మాటల్లేని భాగాలు ఎక్కువ కాబట్టి అది సాధ్యమే. రెండు గంటలు కూర్చోలేని పిల్లలకైతే సైన్యపు కోట తగలబడే ఘట్టం అయ్యాక ఆపండి, మిగతాది మర్నాడు.

చూశాక పిల్లలు తప్పకుండా ఆ గుడ్డు రొట్టె అడుగుతారు. గనిలో పాజూ సంచిలోంచి తీసి షీటాతో సగం పంచుకునేది. వేలెడు మందం బ్రెడ్ ముక్క కాల్చాలి, గుడ్డు తిరగెయ్యకుండా వేయించాలి. తెల్లసొన పూర్తిగా గట్టిపడాలి, లేకపోతే కొరకగానే చొక్కా మీదికి జారుతుంది. మూత పెట్టి సన్నమంట మీద రెండు మూడు నిమిషాలుంచితే తెల్లసొన బిగుస్తుంది, పచ్చసొన మెత్తగా ఉంటుంది. వాళ్లలాగే గుడ్డును ముందు లాగేసి రొట్టె తర్వాత తినాలంటే గుడ్డు మీద మాత్రమే ఉప్పు చల్లండి, బ్రెడ్‌కు వెన్న రాయొద్దు.

రీలుడబ్బా
విడుదలప్పుడు థియేటర్లలో చూసినవాళ్లు సుమారు 7.75 లక్షలే, నౌసికా కన్నా తక్కువ. టీవీ ప్రసారాలే దీన్ని నిలబెట్టాయి. 2013 ఆగస్టులో జపాన్ టీవీలో వేసినప్పుడు, ఇద్దరు పిల్లలూ బల్స్ అనే వినాశమంత్రం పలికే క్షణానికి ప్రేక్షకులంతా ఒక్కసారే ట్విటర్‌లో ఆ మాట రాశారు. సెకనుకు 1,43,199 ట్వీట్లు, అప్పటికి అది రికార్డు.

శబ్దగ్రాహి
ఆ మంత్రం దగ్గర శబ్దం గమనించండి. జపనీస్‌లో మూడక్షరాల ఆ మాట ఇద్దరూ కలిసి మెల్లగా అంటారు. తర్వాత వెలుగు. గోడలు కూలే చప్పుడు ఉంది, కానీ అది విజయం మోగించే శబ్దం కాదు. కింది భాగమంతా, ఆయుధాలతో సహా, రాలిపోతుంది. పై తోట మిగులుతుంది.

మేఘపల్లకి
నేను తగ్గించిన ఒక్క మార్కు రీలుడబ్బా గారు చెప్పిన ముస్కా వల్లే. అతను కూడా లపూటా సంతతి అన్నప్పుడు, వాడి తాతముత్తాతలు నేలకు దిగి ఏం చేశారు, గొండోవా లోయలో షీటా పూర్వులు జడల బర్రెలను పెంచుతూ బతికితే ఇటువాళ్లు ఎలా బతికారు అని చూపించి ఉంటే, షీటా చెప్పే మట్టి మాటకు సరైన ఎదురు ఉండేది. ఇద్దరూ ఒకే కొమ్మ నుంచి రాలిన విత్తనాలే కదా. ఒకటే మొలకెత్తింది.

ఇంకో మాట, ఓటీటీలో చూసేవాళ్లకు. సినిమా అయిపోగానే తెర చిన్నదై తర్వాతి సినిమా పిలుస్తుంది. ముందే సెట్టింగుల్లో ఆటోప్లే ఆపెయ్యండి, లేదా క్రెడిట్స్ చూసే మీట నొక్కండి. అజుమి ఇనోవే పాట వస్తుంది. ఆ పాట మాటలు మియజాకివి, బాణీ హిసైషిది. పాట నడుస్తున్నంతసేపూ భూమికి చాలా ఎత్తున, ఆయుధాలన్నీ రాలిపోయి, చెట్టు వేళ్లు కిందికి వేలాడుతూ, లపూటా ఒంటరిగా తేలుతుంటుంది. దాన్ని మోసుకుపోతున్న రాయి ఆ వేళ్ల పట్టులోనే ఉంది.